భీమునిపట్టణపు సెయింటు పీటరు దేవాలయము: అది ఎవ్వరిది? ఏనాటిది?

విశాఖపట్టణమునకు ఈశాన్యమున, గోస్తనీనది సముద్రమున గలియుచోట నున్న భీమునిపట్టణమును చూడబోవువారికి ఊరివారు మూడు వస్తువులను తప్పక చూపుదురు. కొండమీది నరసింహస్వామి కోవెల మొదటిది. డచ్చివారి గోరీలు రెండవవి. సెయింటు పీటరు పేర వెలసిన క్రైస్తవదేవాలయము మూడవది. వీనిలో రెండవ మూడవ వస్తువులను ఒక్క ఊపిరిలో చెప్పుట వాడుకయైనది. దానివలన, గోరీలు డచ్చివారివి గనుక గుడియు డచ్చివారిదే యనియు, గోరీలు మూడు శతాబ్దములనాటివి గనుక గుడియు నంత ప్రాచీనమే యనియు తలచువారు పలువురైరి. ఈ తలంపు ఎంతవఱకు నిలుచునో విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము. ఇట్టి చిక్కే వేఱొక రూపమున విశాఖపట్టణపు ఓడరేవునకెదుట నున్న రాస్ కొండ మీది గుడి విషయమునను గలదు. దానిని గూర్చియు తుదను కొంత చెప్పెదను.

మొదట శబ్దవిచారము చేయక యీ విషయమున ముందడుగు వేయరాదు. ఫలానా చర్చి ఎన్నడు పుట్టినది అని యడిగినపుడు, చర్చి యను శబ్దమునకు అర్థమేమి? పతంజలి మహాభాష్యమున గ్రామశబ్దము బహ్వర్థకమని చెప్పినాడు. ఊరు కాలినది యన్నచో ఇండ్ల సముదాయమని యర్థము. ఊరు తరలిపోయినది యన్నచో మనుష్యులని యర్థము. ఊరు చొచ్చినాడు అన్నచో ప్రాకారముతో గూడిన ఆవరణమని యర్థము. చర్చిశబ్దమును అట్టిదే. గోడలు కప్పు గల కట్టడమును చర్చియే, అందు ప్రార్థనకు జేరు జనసంఘమును చర్చియే, ఆ సంఘము చేరియున్న మతశాఖయు చర్చియే. ఇంగ్లీషువారి చర్చిశబ్దమును, డచ్చివారి కెర్క్ శబ్దమును, స్కాట్లండువారి కిర్క్ శబ్దమును 'ప్రభువుయొక్క ఇల్లు' అను నర్థము గల ఒక గ్రీకుమాటనుండి పుట్టినవి. ఫ్రెంచివారి ఎగ్లీజ్ అను పదమో, 'పిలువబడి కూడినవారి సభ' అను నర్థము గల మఱియొక గ్రీకుమాటకు వికృతి. ఇల్లు వేఱు, సభ వేఱు. సభ ముందు పుట్టి ఇల్లు వెనుక రావచ్చును. ఇల్లు ముందు పుట్టి సభ వెనుక చేరవచ్చును. గుడికి వయస్సు కట్టువారు తఱచు ఈ భేదమును మఱచి, ఒకదాని తేదిని మఱొకదాని కంటగట్టుదురు.

ఇక డచ్చివారి కథ. వీరిని మన పూర్వులు వలందులనిరి. హాలెండు శబ్దమునుండి వచ్చిన మాట యిది. మచిలీపట్టణములో వలందపాలెము నేటికిని గలదు. ఆ ఊరనే పరాసుపేట ఫ్రెంచివారిని, ఇంగ్లీషుపాలెము ఇంగ్లీషువారిని జ్ఞాపకము చేయుచున్నవి. శాసనములు చెడినను ఊరిపేరులు చెడకుండుట చరిత్రకారుని భాగ్యము. డచ్చివారి ఈస్టిండియా కంపెనీ 1602లో నేర్పడి, ఆ దశాబ్దమునందే మచిలీపట్టణమున కాలూనెను. 1613లో పులికాటులో గెల్డ్రియాకోటను గట్టెను. భీమునిపట్టణమునకు వారు వచ్చినది పదునేడవ శతాబ్ది నడుమ. గోలకొండ సుల్తానుల యేలుబడి యప్పటికి చెల్లుచుండెను. సరకు గిడ్డంగులతో మొదలైన వర్తకశాల క్రమముగా కోటయైనది. వారి కోరమాండలు ప్రభుత్వపు ముఖ్యస్థానము పులికాటునుండి 1690లో నాగపట్టణమునకు మాఱినది. భీమునిపట్టణ మెన్నడును ముఖ్యస్థానము గాదు. ఈ మాట ముందు పనికివచ్చును.

పదునెనిమిదవ శతాబ్ది ఆ వర్తకశాలకు కలిసిరాలేదు. శ్రీకాకుళపు ఫౌజుదారగు జాఫరలీ పిలువగా వచ్చిన మరాటాలు 1754లో దానిని కొల్లగొట్టిరి. ఇంగ్లీషువారికిని డచ్చివారికిని యూరపునందు యుద్ధము రాగా 1781లో ఇంగ్లీషువారు దానిని పట్టుకొని, 1784 నాటి సంధిపై తిరిగి యిచ్చిరి. 1795లో ఫ్రెంచి విప్లవసేనలు హాలెండునాక్రమింపగా మరల ఇంగ్లీషువారి వశమైనది. నెపోలియను పతనానంతరము మరల డచ్చివారిది. తుదకు 1824 మార్చి 17వ తేది లండనులో జరిగిన సంధివలన డచ్చివారు భారతదేశమునందలి తమ స్థానముల నన్నింటిని ఇంగ్లీషువారికి వదలుకొనిరి. 1825లో భీమునిపట్టణము చేతులు మాఱినది. డచ్చి పతాకము దిగి తిరిగి యెక్కలేదు.

వారు విడిచిపోయినవానిలో నేటికి నిలిచి మాటలాడునవి గోరీలు. మొన తేలిన స్తంభముల వలె, గోపురముల వలె నున్న ఆ కట్టడములు పదునేడవ పదునెనిమిదవ శతాబ్దములకు జెందినవి. కోరమాండలు తీరమందలి డచ్చి సమాధిశిలలపై తఱచుగా గానవచ్చు మొదటి వాక్యము 'హీర్ లైత్ బెగ్రావెన్' అనునది. హీర్ అనగా ఇచట. బెగ్రావెన్ అనునది మన క్తప్రత్యయాంతమువంటి రూపము, పూడ్చబడిన అని యర్థము. పేరు, ఉద్యోగము, చనిపోయిన తేది, బ్రదికిన సంవత్సరములు, నెలలు, కొన్నింటిపై దినములు సైతము లెక్కించి చెక్కింతురు. వంశచిహ్నములును, మృత్యువును సూచించు పుఱ్ఱెలును కొన్నింటిమీద నుండును. ఇంత స్పష్టముగా కాలము చెప్పు సాక్షులు మనదేశచరిత్రలో అరుదు. అయితే సాక్షి తాను చూచినదానినే చెప్పవలెను. గోరీమీది తేది ఆ మనుష్యుడు పోయిన దినమునే చెప్పును. ఊరిలో నున్న మఱొక గోడ ఎన్నడు లేచినదో అది చెప్పజాలదు.

ఇప్పుడు పూర్వపక్షమును వినవలెను. గుడిని డచ్చివారిదనువారికి యుక్తులు లేకపోలేదు. ఊరు డచ్చివారిది, అందు వారి సమాధులున్నవి, క్రైస్తవులు సమాధుల దాపున గుడి గట్టుట లోకాచారము. అంతేకాక ఈ తీరమందే నాగపట్టణములో సెయింటు పీటరు పేరుగల మఱియొక గుడి కలదు. అది నిశ్చయముగా 1774లో డచ్చివారు గట్టినది. ఒకే తీరము, ఒకే పేరు, ఒకే జాతి రాకపోకలు. కనుక ఇదియు నదియు ఏకకర్తృకములని వారి యూహ.

యుక్తులలో చివరిది బలమైనది గనుక దానినే మొదట పరిశీలింతము. డచ్చివారు కాల్విను మతమును సంస్కరించిన శాఖవారు. పరిశుద్ధుల పేరుల గుడులకు పెట్టుట వారికి సమ్మతము కాదు. మతసంస్కారమునకు పూర్వము గట్టిన గుడులకు పాతపేరులు వాడుకలో నిలిచినవి, అది వేఱు. వారు క్రొత్తగా గట్టుకొన్న గుడులను చూడుడు. ఆమ్‌స్టర్‌డామునందు 1611లో వెలసినది జౌడర్‌కెర్క్, 1623 నాటిది నోర్డర్‌కెర్క్, 1631 నాటిది వెస్టర్‌కెర్క్. వీనికి వరుసగా దక్షిణపు గుడి, ఉత్తరపు గుడి, పడమటి గుడి యని యర్థము. ఇంత విఖ్యాతములైన గుడులకు దిక్కులే పేరులు. కావున పీటరు పేరు వినబడిన చోట డచ్చివారిని తలచుటకు ముందు ఇంగ్లీషువారిని తలచుట న్యాయము. వారి శాఖయందు అపొస్తలుల పేర గుడులు వెలయుట నిత్యకృత్యము. నాగపట్టణపు గుడి డచ్చిదనుటకు దాని పేరు ఆధారము కాదు. 1781లో ఇంగ్లీషువారు ఆ పట్టణమును గొనుటకు ముందే యది నిలిచియుండుట ఆధారము. పేరొకటే యైనంతమాత్రమున కర్త యొకడే కాడు. దేవదత్తుడను పేరుగలవారు ఊరికొకరుందురు.

పైగా నాగపట్టణము డచ్చి ప్రభుత్వస్థానము. అచట మతాచార్యులుండిరి, వారికి తగిన గుడి కావలసివచ్చినది. చిన్న వర్తకశాలలలో డచ్చి కంపెనీవారు ఆచార్యులను నిలుపలేదు. రోగులను ఓదార్చువాడు అను నర్థము గల బిరుదుతో ఒక చిన్న యుద్యోగి యుండి, ఆదివారమున బైబిలు చదివి ప్రార్థన చెప్పుచుండెడివాడు. దానికి కోటలోని యొక గది చాలును. ముఖ్యస్థానము గాని భీమునిపట్టణమున గోపురముతో గుడి లేదే యని ఆశ్చర్యపడ బనిలేదు.

ఇక సిద్ధాంతము. సెయింటు పీటరు దేవాలయము ఇంగ్లీషువారి ఆంగ్లికను శాఖకు జెందినదిగా 1864లో ప్రతిష్ఠితమైనది. డచ్చివారు ఊరువిడిచినది 1825లో. నడుమ ముప్పదితొమ్మిది సంవత్సరములు. వలంద కంపెనీయో, పదునెనిమిదవ శతాబ్ది ముగియుటతోనే రద్దయిపోయినది. లేని కర్త క్రియ చేయడు.

ప్రతిష్ఠ యను మాటను గూర్చి రెండు ముక్కలు చెప్పవలెను. కాలనిర్ణయమున కిది చక్కని పనిముట్టు. ఆంగ్లికను మతమున గుడిని ప్రతిష్ఠించు నధికారము బిషప్పుది. మనదేశమునకు ఆంగ్లికను బిషప్పు తొలుత నేర్పడినది 1814లో, కలకత్తాయందు. మదరాసునకు ప్రత్యేకముగా పీఠ మేర్పడినది 1835లో. తొలి బిషప్పు డానియల్ కారీ. కావున సర్కారు సీమలలో ఏ ఆంగ్లికను గుడికైనను బిషప్పుచేత ప్రతిష్ఠ జరిగెనని విన్నచో, 1814కు పూర్వమందు దాని నుంచ వీలులేదు. దీనికొక యపవాదము చూపవచ్చును: మదరాసు కోటలోని సెయింటు మేరీ గుడి 1680లోనే ప్రతిష్ఠ పొందినది. దానికి లండను బిషప్పు ఆజ్ఞాపత్రమును సముద్రము దాటించి తెప్పింపవలసి వచ్చెను. ఉత్సర్గమును అపవాదము దృఢపఱచుటకు ఇది యుదాహరణము. 1864 నాటికి మదరాసు పీఠమున నున్నవాడు ఫ్రెడరిక్ గెల్. ఈతడు 1861నుండి 1899వఱకు బిషప్పు. రాజ్యము, పీఠము, శాఖ, నామము నాలుగును ఇంగ్లీషువారినే చూపుచున్నవి.

భర్తృహరి వాక్యపదీయమున అనేకార్థకశబ్దమునకు ఏ యర్థము గ్రహింపవలెనో నిర్ణయించు సాధనములను చెప్పుచు సంయోగము, సాహచర్యము, లింగము, ఔచితి, దేశము, కాలము మొదలగువానిని లెక్కించినాడు. గుడిని డచ్చిదనువారు సాహచర్యమునొక్కదానిని పట్టుకొనిరి. ఒకే యూర నుండుటచే గోరీల గుణము గుడికంటెను. మిగిలిన సాధనములను విడువకున్నచో, కాలమొక్కటియే ఆ సాహచర్యమును త్రోసివేసియుండును.

ఈ గుడి పుట్టుటకు హేతువును ఊరి చరిత్రలోనే యున్నది. డచ్చివారు పోయిన పిదప భీమునిపట్టణము క్షీణింపలేదు, పెరిగినది. మన్యపు నూనెగింజలును, ప్రపంచపు విపణిలో బిమ్లీ జూట్ అను పేర చెల్లిన గోగునారయు ఈ రేవునుండి యెగుమతియైనవి. ఇంగ్లీషు వర్తకులు కాపురముండిరి, వారికి ఆరాధనాస్థలము కావలసెను. విశాఖపట్టణపు నూతన నౌకాశ్రయము 1933లో తెరువబడినపిమ్మట ఓడల రాక అటు తిరిగి, భీమునిపట్టణము పాతజ్ఞాపకముల ఊరైనది. ఇప్పుడు విశాఖ మహానగరపాలనలోనే యది చేరియున్నది. గుడియు సంఘమార్పు పొందినది: 1947 సెప్టెంబరు 27వ తేదిని దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు ఇచటి ఆంగ్లికను సంఘములు అందు లీనమయ్యెను. దొరల కొఱకు బుట్టిన గుడి తెలుగువారి గుడియైనది. ఈ కథ డచ్చి కథకంటె తక్కువది కాదు. గుడిని డచ్చిదన్నచో ఈ కథయంతయు తుడిచిపెట్టుకొనిపోవును.

మఱొక నష్టమును గలదు. ఉప్పుగాలికి అరుగుచున్నవి గోరీలమీది యక్షరములు. గుడి చక్కగ నిలిచియున్నది. గుడిని చూచి డచ్చివారి కట్టడమును చూచితిమనుకొని మరలినవాడు నిజమైన డచ్చి లేఖలను చూడకయే పోవును. ఆ శిలాలేఖల ప్రతికృతులు పూర్తిగా తీసి, తెలుగు లిపిలో ఉచ్చారణను, తెలుగున అర్థమును గూర్చి ముద్రించుట గుడిని గూర్చిన వాదముకంటె తొందరగల పని. ఒక్క యక్షరము రాలినను ఒక సంవత్సరము మాఱును.

ఇక రాస్ కొండ. విశాఖపట్టణపు రేవులోనికి ఓడలు వచ్చు కాలువకు ఒకప్రక్క డాల్ఫిన్స్ నోస్ అను కొండకొమ్ము, రెండవప్రక్క వరుసగా మూడు గుట్టలు. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదానిమీద మేరీమాత గుడి. వేంకటేశ్వరుని గుడిని 1866లో బ్లాక్‌మోర్ అను ఇంగ్లీషు కప్తాను గట్టించెనని చెప్పుదురు. ఎవరి గుడిని ఎవరు గట్టిరో రూపముచూచి చెప్పరాదనుటకు ఇంతకంటె నేమి కావలెను!

మేరీమాత గుడి గల గుట్టకు రాస్ కొండ యని పేరు. స్కాట్లండువారి గేలిక్ భాషయందు రోస్ అనగా సముద్రములోనికి చొచ్చిన భూమి. గుట్ట యుండుట సముద్రతీరమున. వ్యుత్పత్తి రుచిగల వానికి ఇంతకంటె తీయని యెర లేదు. కాని యోగముకంటె రూఢి బలవత్తరమని శాస్త్రము. ఫ్రాన్సిసు దొర 1907లో ప్రకటించిన విశాఖపట్టణమండల గెజిటీరునందు, రాస్ అను నాతడు 1864లో నా గుట్టమీద ఇల్లు గట్టెననియు, ఆతని పేరే గుట్టకు వచ్చెననియు, ఆ యిల్లు రోమను కతోలికుల ప్రార్థనామందిరమైనదనియు గలదు. ఈ రాస్‌ను కొందరు మొస్యె రాస్ అని వ్రాసి ఫ్రెంచివానిని జేయుచున్నారు. రాస్ అనునది ప్రసిద్ధమైన స్కాట్లండు ఇంటిపేరు. కొండమీది గుడి ఫ్రెంచి మాటలాడు గురువుల చేతిలోనికి వచ్చుటచే, వారి మర్యాదాపదము గతించిన గృహస్థునకును అంటియుండునని నా యూహ.

ఆ గురువులు సవోయి దేశమందలి అన్నెసీనుండి వచ్చిన సెయింటు ఫ్రాన్సిసు ద సాల్సు సభవారు. 1846లో విశాఖపట్టణము చేరి, 1847లో సెయింటు అలోషియసు పాఠశాలను స్థాపించిరి. 1850లో విశాఖపట్టణము ప్రత్యేక కతోలిక మండలమై, వారిలో నెయిరే గురువు దాని తొలి యధ్యక్షుడయ్యెను. అనగా సభ 1846 నాటిది, ఇల్లు 1864 నాటిది. గుడియగుట ఆ 1864కును 1907కును నడుమ జరిగినది. భీమునిపట్టణమున గుడి గుడిగానే పుట్టినది. ఇచట ఇల్లు గుడియైనది. ఒక యాశ్చర్యమేమనగా, ఆ గుడి ప్రతిష్ఠయు ఈ యింటి నిర్మాణమును ఒక్క 1864లోనే జరిగినవి. గోడల వయస్సొకటే, గుడుల వయస్సు వేఱు.

సభ ముందు, గోడలు వెనుక అనుటకు విశాఖపట్టణముననే యింకను పాత నిదర్శనము గలదు. లండను మిషనువారగు క్రాన్, డెస్‌గ్రాంజిసు అను నిరువురు 1805లో ఇచటికి వచ్చిరి. ఆనందరాయరను బ్రాహ్మణుని తోడ్పాటున సువార్తలను తెలుగున వ్రాయ మొదలిడిరి. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజిసు 1810లోను మరణించిరి. వారి తెలుగు అనువాదము శ్రీరామపురమున అచ్చుపడినది వారు పోయిన పిమ్మటనే. ఈ కార్యమునకు సాక్ష్యము గోడలలో వెదకిన దొరకదు, అచ్చుపుస్తకమున దొరకును.

రాస్ కొండకు నేడు లోకము పెట్టుకొన్న పేరు కొండగుడి. డిసెంబరు 8వ తేది మేరీమాత పండుగనాడు మెట్లెక్కు వేలకొలది జనులలో క్రైస్తవులును గలరు, కానివారును గలరు. రాస్ అను నాతడెవ్వరని వారిలో అడుగువారు అరుదు.